మెత్తగా ఉండాల్సిన గొట్టం

అన్న పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను కందిపప్పు ఏరుతున్నాను. విన్నాను. ఎప్పుడని అడిగాను. ఫోన్ పెట్టేసి మిగతా పప్పు కూడా ఏరి, కుక్కర్ పెట్టి, మూడు కూతలు వచ్చాక దింపి, అప్పుడు బ్యాగు సర్దుకున్నాను. ఇదేదో గుండె నిబ్బరమని రాయడం లేదు. హైదరాబాద్ నుంచి మహబూబాబాద్ దాకా రైల్లో కిటికీ పక్కన కూర్చున్నాను. జనగామ స్టేషన్లో ఉడకబెట్టిన పల్లీలు కొనుక్కుని పొట్లం ఖాళీ అయ్యేదాకా తిన్నాను. ఇంటి ముందు దిగగానే చుట్టాల ఆడవాళ్లు నన్ను పట్టుకుని ఏడ్చారు. వాళ్ల వీపులు నిమరడమే నా వంతయింది. "రాయి లెక్క కూసున్నది సూడు, తోడబుట్టిందేనా" అని వెనక ఎవరో అనడం వినపడింది. కోపం రాలేదు. ఉన్నమాటే కదా అనుకున్నాను. నాకేమీ అనిపించడం లేదు, అంతే.

పదకొండో రోజు దినం అయిపోయి చుట్టాలంతా వెళ్లిపోయాక వదిన, నేను కలిసి అన్న దుకాణం సర్దడానికి కూర్చున్నాం. పేరుకు వెల్డింగ్ దుకాణం. కిటికీ జాలీలు, ఇనుప గేట్లు, ట్రాక్టర్ ట్రాలీలు చేసేవాడు. అయినా ఓ మూలన మా నాయిన కాలం నాటి కొలిమిని, దాగలిని అలాగే ఉంచుకున్నాడు. దాగలి అంటే ఇనుమును పెట్టి కొట్టే దిమ్మె. దాని కింద, మొద్దుకు ఆసరాగా, ఒక ఇనుప కడెం ఉంది. జానెడు ఎత్తు, రెండు వేళ్ల మందం. మసిగుడ్డతో తుడిస్తే నడుమ వెల్డింగ్ గీత, దాని పక్కన పంచుతో కొట్టిన అంకెలు బయటపడ్డాయి. ఆ అంకెలను నేను ఒకప్పుడు నా చేత్తో ఒక కాగితం మీద రాశాను. అన్నకు నేనొక మాట చెప్పాల్సి ఉంది. చెప్పకుండా ముప్పై ఏళ్లు దాటించాను. ఇప్పుడు చెప్పడానికి మనిషి లేడు. ఇదంతా ఆ మాట గురించే.

చిల్పూర్ గుట్ట కనపడేంత దూరంలో ఉండేది మా ఊరు. మేం కమ్మరులం. ఇంటి వాకిట్లోనే తాటాకు కొట్టం, అందులో కొలిమి. పొద్దున లేవగానే నా ముక్కుకు తగిలేది కాలిన బొగ్గు, తడిసిన బూడిద, నాయిన చుట్ట కలిసిన వాసన. మా ఇంట్లో సజ్జరొట్టెకూ ఆ వాసనే, ఉతికిన బట్టకూ ఆ వాసనే. బడిలో నా పక్కన కూర్చున్న పిల్ల నన్ను 'బొగ్గులమ్మ' అనేది. బొగ్గు గంగారం అడవుల వైపు నుంచి బండ్ల మీద వచ్చేది, చండ్ర కట్టె కాల్చి చేసింది. భూపాలపల్లి దిక్కు నుంచి ఎవరైనా రాక్షసి బొగ్గు తెచ్చిస్తే మాత్రం నాయిన ముట్టేవాడు కాదు. "దాంట్ల గంధకం ఉంటది బిడ్డా. వాసన సూడు, మురిగిన గుడ్డు లెక్క. గా వాసన తగిలిన ఇనుము నమ్మరాదు" అనేవాడు. ఏ పుస్తకమూ చదవని మనిషి. తరవాత నేను నాలుగేళ్లు కాలేజీలో కూర్చుని నేర్చుకున్నదాంట్లో సగం ఆ ఒక్క మాటలోనే ఉంది.

పని మొదలయ్యేటప్పుడు నాయిన చేసే మొదటి పని నిప్పు రాజేయడం కాదు, అడగడం. రైతు నాగలి కర్రు తెచ్చి కింద పెడితే "ఏ నేలకు?" అనేవాడు. నల్లరేగడా, చెల్కనా, గులకరాళ్ల బీడా? దాన్నిబట్టి కర్రుకు ఎంత పదును ఇవ్వాలో తేల్చేవాడు. రాళ్ల నేలలో మరీ పదునెక్కిన కర్రు మొన పుటుక్కున విరుగుతుంది. వరి కోసే కొడవలి సంగతి వేరు, దానికి ఎంత గట్టిదనం ఇస్తే అంత మంచిది. ఎవరైనా తొందరలో "ఏ నేలైతేంది చారీ, కాల్చి కొట్టరాదు" అంటే పని అక్కడే ఆగేది. "దేనికో ఎరుక లేకుంట పొయ్యిల పెట్టొద్దు" అని చుట్ట వెలిగించుకుని కూర్చునేవాడు. చెప్పేదాకా లేచేవాడు కాదు. జవాబు చెప్పకుండా పని చేయించుకుపోయినవాడు మా ఊళ్లో ఒక్కడూ లేడు.

ఇనుము రంగులకు మా ఇంట్లో పేర్లుండేవి. మొదట రేగుపండు, తరవాత మోదుగుపువ్వు, ఆపైన తంగేడుపువ్వు. మోదుగు రంగు నిండుగా వచ్చినప్పుడు కొడవలిని ఉప్పునీళ్ల తొట్టిలో ముంచాలి. నీళ్లు తాపడం అనేవాళ్లం. ఆ క్షణాన కొట్టంలో ఎవరూ మాట్లాడకూడదు. అవ్వ, అంటే మా అమ్మ, ఎత్తిన సమ్మెటను అలాగే నేలకు దించి నిలబడేది. అవును, మా ఇంట్లో సమ్మెట కొట్టింది అవ్వే. కమ్మరి ఇళ్లల్లో అది వింత కాదు. ముంచి తీశాక నాయిన ఆకురాయితో అంచు మీద ఒక్కసారి గీసేవాడు. ఆకురాయి పట్టు దొరక్క గాజు మీద జారినట్టు జారితే పని కుదిరినట్టు. కొలిమికి ఎండ తగలకుండా ఎప్పుడూ తడక కట్టి ఉండేది. "ఎండల ఇనుము అబద్ధం చెప్తది" అనేవాడు. వెలుతురులో ఎర్రదనం తక్కువగా కనిపించి మనిషి మోసపోతాడని.

అవ్వ భుజం పడిపోయిన ఏడు అన్న బడి మానేసి సమ్మెట పట్టుకున్నాడు. నన్ను మాన్పించమని చుట్టాలన్నారు. "దానికి రంగు నాకంటే మంచిగ తెలుస్తది, సదువుకోనియ్యి" అని అన్నే అడ్డం పడ్డాడు. నిజానికి నాకు రంగులు నేర్పింది నాయిన కాదు, అన్న. తను తిత్తి ఊదుతూ "ఇప్పుడేం రంగు చెల్లె?" అని అడిగేవాడు. తప్పు చెబితే నెత్తిన మొట్టికాయ, సరిగ్గా చెబితే బెల్లం ముక్క. అట్లా నేను వరంగల్ వెళ్లి లోహాల చదువు చదివాను. బొంబాయిలో సముద్రం మీది చమురు వేదికలకు గొట్టాల నమూనాలు గీసే ఆఫీసులో చేరాను. ఏ గొట్టానికి ఏ ఉక్కు వాడాలి, దాన్ని ఎట్లా కాల్చాలి, ఎట్లా చల్లార్చాలి అని నిర్ణయించి రాయడం నా ఉద్యోగం. కమ్మరి వీధిలో సూదులమ్మిన బతుకే, కాకపోతే కుర్చీలో కూర్చుని.

ఆ పని వంటింటి ఇల్లాలికి తెలియనిదేమీ కాదు. చింతపండు పులుసు కళాయి లేని ఇత్తడి గిన్నెలో పెట్టం, ఆవకాయ ఇనుప డబ్బాలో పెట్టం. ఏది ఎక్కడ నిలవ ఉంటే ఏం పాడవుతుందో చూసుకోవడమే. ఉప్పునీళ్లు పారే గొట్టానికి రాగి, నికెల్ కలిపిన లోహం. వేడి ఉప్పునీళ్లయితే మామూలు స్టెయిన్‌లెస్ స్టీలు పనికిరాదు, కంటికి కనపడకుండా చీలుతుంది. అన్నింటికంటే మొండిది మురిగిన గుడ్డు వాసన వేసే గ్యాసు. నాయిన చెప్పిన గంధకమే అది. ఉక్కు ఎంత గట్టిగా ఉంటే అంత తొందరగా దాన్ని లోపల్నుంచి పగలగొడుతుంది. పైకి ఏ మచ్చా ఉండదు, ఒకరోజు హఠాత్తుగా పగులుతుంది, పక్కన మనుషులుంటే ఊపిరి అందకముందే పోతారు. అందుకని ఆ గొట్టం మెత్తగా ఉండాలి. వెల్డింగ్ చేసిన చోట ఇనుము దానంతటదే గట్టిపడుతుంది కాబట్టి, ఆ అతుకు చుట్టూ వేడితీగలు చుట్టి, పైన దుప్పటి కప్పి, మెల్లగా కాల్చి, కాసేపు ఆ వేడిలోనే ఉంచి, అంతకంటే మెల్లగా చల్లారనివ్వాలి. మా కొడవలికి చేసేదానికి సరిగ్గా తలకిందులు. ఇక్కడ ఆకురాయి జారితే కొంప మునిగినట్టు.

ఆ గొట్టాలు అతికే యార్డు కోస్తాలో ఒక సముద్రపు ఒడ్డున ఉండేది. నన్ను కొన్ని నెలలు అక్కడికి పంపారు. ఊళ్లో కమ్మరి పని పడిపోయింది. కర్రులు పోయి ట్రాక్టర్లొచ్చాయి. అన్న కూలికి పోతున్నాడని విని, అతుకులు కాల్చే బృందంలో పెట్టించాను. నిప్పు రంగు తెలిసినవాడని గుత్తేదారుకు గట్టిగా చెప్పాను. చెప్పనిది ఒకటుంది. ఆయన నా అన్న అని చెప్పలేదు. మా ఊరి మనిషి అన్నాను. ఆ యార్డులో నేనొక్కదాన్నే ఆడ ఇంజనీరును, పైగా తెలంగాణ దాన్ని. నేను 'గిట్ల' అంటే చాలు, భోజనాల దగ్గర వారం రోజులు దాన్నే అనుకరించేవాళ్లు. నేను అప్పటికే నా నాలుకను పుస్తకాల భాషలోకి వంచేసుకున్నాను. వంగింది, కష్టం లేకుండానే వంగింది.

అన్న పనిలో చేరిన రెండో రోజు. నేను ఇద్దరు ఇంజనీర్లతో గొట్టాల వరస చూస్తూ నడుస్తున్నాను. అన్న తువ్వాలతో చెయ్యి తుడుచుకుంటూ ఎదురొచ్చి, ఒక అతుకు మీద చెయ్యి ఉంచి అడిగాడు.

"చెల్లె, గీ గొట్టం ఏ నేలకు?"

ఆ ఇద్దరూ పగలబడి నవ్వారు. "ఏ నేలకా? ఏం బాబూ, గొట్టంతో దుక్కి దున్నుతావా?" అన్నాడొకడు. రెండోవాడు నా వైపు చూసి "చెల్లె అంటున్నాడు, మీ వాడా?" అన్నాడు. నా చెవులు వేడెక్కాయి. అన్న నవ్వలేదు. నా ముఖంలోకి చూస్తూ జవాబు కోసం ఆగాడు. కర్రు ముందు పెట్టుకుని నాయిన ఆగినట్టే.

"మా ఊళ్లో అందరినీ అలాగే పిలుస్తారు" అన్నాను వాళ్లతో. అన్నతో "అంతా కాగితాల్లో ఉంది, మీ సూపర్‌వైజర్‌ని అడగండి" అన్నాను. అడగండి అన్నాను, మా అన్నను. నడుచుకుంటూ వెళ్లిపోయాను. ఆ కాగితాలు నలభై పేజీలు, ఇంగ్లిషులో, నేను రాసినవే. అన్న పదో తరగతి గడప తొక్కలేదు.

తరవాత నాలుగైదు రోజులకు, మధ్యాహ్నం అందరూ అన్నాలకు వెళ్లిన వేళ, అన్న నా గది తలుపు దగ్గరికి వచ్చాడు. చేతిలో ఆకురాయి. ముఖం వెలిగిపోతోంది. "ఒక్కపారి రా చెల్లె, నీకొకటి సూపెడ్త" అన్నాడు. వెళ్లాను. ఒక అతుకు మీద దుప్పటి తీసేసి ఉంది. పక్కన టార్పాలిన్ అడ్డం కట్టాడు, ఎండ తగలకుండా. గ్యాసు మంట, నీళ్ల బకెట్లు, నేల మీద తెల్లగా ఉప్పు. నాకు చెప్పకముందే అర్థమైంది.

"గీళ్లు సగం గూడ కాల్చుతలేరు. రేగుపండు రంగు గూడ వస్తలేదు, నల్లగున్నప్పుడే ఆపుతున్నరు. నీ పేరు మీది గొట్టం, లోపటికెళ్లి అంత జోరుగ గ్యాసు పోతదట. మెత్తగుంటె ఎట్ల ఆగుతది? మోదుగు రంగు దాక తెచ్చి మంచిగ నీళ్లు తాపిన. సూడు, ఆకురాయి దిగుతలేదు" అన్నాడు. గీసి చూపించాడు. జారింది.

"ఎన్ని చేసినవ్?" అని అడిగాను. చాలా రోజులకు నా నోట్లోంచి నా మాట వచ్చింది.

"ఒక్కటే. నీకు సూపెట్టినంక కడమయి చేద్దామనుకున్న."

అక్కడే చెప్పి ఉండొచ్చు. అన్నా, ఇది మెత్తగ ఉండాలె, గట్టిగైతే పగుల్తది, నువ్వు అడిగిన నాడే చెప్పకపోవుడు నా తప్పు అని. అంత పొడుగు కూడా అక్కర్లేదు. కాని మెట్ల మీద బూట్ల చప్పుడైంది, భోజనాల నుంచి వాళ్లు తిరిగి వస్తున్నారు. నేను ఇంజనీరునయ్యాను. "ఎవరు ముట్టుకోమన్నారు దీన్ని?" అన్నాను, వాళ్లకు వినపడేంత గట్టిగా. అన్న చేతిలోని ఆకురాయి కిందికి దిగింది.

ఆ అతుకు కోసి తీసేయాల్సిందే, అందులో నాకు ఇవ్వాళ్టికీ సందేహం లేదు. అట్లాగే సముద్రం మీదికి పోయి ఉంటే ఎవరి పిల్లలో దిక్కులేనివాళ్లయ్యేవాళ్లు. కాగితం రాశాను. అతుకు అంకె రాశాను. కారణం అనే గడి దగ్గర "కార్మికుడు సొంత నిర్ణయంతో వేడిచేసి నీళ్లు పోశాడు" అని రాశాను. ఆ గడిలో ఇంకో వరుసకు చోటుంది. దేనికో అడిగాడు, చెప్పలేదు అని పట్టేంత చోటు. ఆ వరుస రాస్తే కింద నా పేరు రాయాలి. రాయలేదు. సాయంత్రానికి అన్నను గేటు బయటికి పంపేశారు. తుక్కులో పడేసిన ఆ ముక్కను అడిగి గోనెసంచిలో వేసుకుని భుజాన పెట్టుకున్నాడని మర్నాడు కాపలావాడు నవ్వుతూ చెప్పాడు. "పదును పెట్టినాడంట" అనేది ఆ యార్డులో కొన్నాళ్లు ఊతపదమయింది. ఇనుముతో కూడిన అగ్నికి సమ్మెట పెట్లు అంటారు. పెట్లన్నీ అన్న ఒక్కడే తిన్నాడు, నా మీద ఒక్కటీ పడలేదు. నేనూ నవ్వాను, వాళ్లతోపాటు. ఒకసారి కాదు.

అన్న మహబూబాబాద్ వచ్చి, మా వాళ్ల నోట్లో మానుకోట, వెల్డింగ్ నేర్చుకుని దుకాణం పెట్టుకున్నాడు. నేను వెళితే నాటుకోడి కోయించేవాడు, నా పిల్లల చదువులు అడిగేవాడు, రైలెక్కించి కిటికీ దగ్గర నిలబడేవాడు. యార్డు ఊసు మాత్రం ఎత్తలేదు. నేను ప్రతిసారీ రైల్లో ఆ మాట కూడబలుక్కుని వెళ్లేదాన్ని. వెళ్లాక గేటు కోసమో జాలీ కోసమో ఎవరో ఒకరు వచ్చేవారు. "గేటు దేనికే? బర్లొస్తయా, లారీ వస్తదా?" అని అన్న అడిగేవాడు. ఆ ప్రశ్న వినగానే నేను లేచి వదిన దగ్గరికి వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని. వచ్చే ఏడు చెబుదాం అనుకునేదాన్ని. ఇప్పుడు గట్టిదనం కొలిచే యంత్రం అరచేతిలో పడుతుంది. కాగితాలు పనివాళ్ల భాషల్లో గోడలకు అంటిస్తున్నారు. నేను ఉద్యోగం చివరి ఏళ్లలో కొత్తవాళ్లకు పాఠాలు చెప్పాను. మొదటి రోజు మొదటి మాట ఒక్కటే: పని చేసేవాడికి ఆ గొట్టం దేనికో అతని భాషలో చెప్పండి. అందరూ రాసుకునేవాళ్లు. వందల మందికి చెప్పాను. చప్పట్లు కూడా కొట్టారు.

దుకాణంలో ఆ కడెం ముందు పెట్టుకుని కూర్చున్నాను. గోడకున్న ఆకురాయి తీసి వెల్డింగ్ గీత మీద గీశాను, అలవాటు కొద్దీ. జారలేదు. దిగింది. నల్లటి పొడి నా చీర మీద రాలింది. మళ్లీ గీశాను, మళ్లీ దిగింది.

"ఇది మెత్తగున్నది వదినా" అన్నాను.

వదిన చీపురు ఆపింది. "ఆయన వచ్చిన కొత్తల కొలిమిల కాల్చిండు. కాల్చి బూడిదల పాతిపెట్టి రెండు దినాలు ఎవ్వల్ని ముట్టనియ్యలే. యార్డు ఇడిసి వచ్చేటప్పుడు ఒక ముసలి వెల్డర్ చెప్పిండట, గది మెత్తగుండాలె, గంధకం గ్యాసు పోయే గొట్టమని. 'గీ ఒక్క ముక్క చెప్తె నేనెందుకు నీళ్లు పోస్తనే' అన్నడు."

ఆకురాయి కింద పెట్టాను. "గా ముక్క చెప్పాల్సింది నేనే వదినా. అన్న నన్నే అడిగిండు. నలుగుర్ల సిగ్గయి చెప్పలే."

"ఎరుకే."

"అన్నకు?"

"ఆయన చెప్తెనే గద నాకెరుక."

"మరి ఇన్నేండ్లల ఒక్కనాడన్న నన్ను అడగలేదేంది?"

వదిన చీపురు గోడకు ఆనించి, కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆమె గొంతులో నిష్ఠురం లేదు, ఉంటే బాగుండేది.

"నేను గూడ గదే అంటి. 'ఒకపారి అడిగిన గదనే, మల్ల అడుగుడేంది, ఇగ చెల్లెనే చెప్తది' అనేటోడు. నువ్వొచ్చి పోయినప్పుడల్ల గీ దాగలి కాడ జరసేపు ఊకెనే కూసునేటోడు. నువ్వు చెప్తవని చూసిండు."

ముప్పై ఏళ్లకు పైగా చూశాడు. నేను ప్రతి రాఖీ పున్నానికీ మిఠాయి డబ్బా పట్టుకుని వెళ్లాను.